పదో సెక్షన్ వెంట నార్వాక్ దాకా

శ్రీకాకుళం కోర్టుల్లో ముప్పై నాలుగేళ్లు ప్లీడరుగా పనిచేసినవాణ్ని కనుక చనిపోయినవాళ్ల వీలునామాలు, వారసుల తగాదాలు నాకు కొత్త కావు గానీ, చనిపోయిన ఒక మనిషిని చూడటానికని పనిగట్టుకుని సమాధి దాకా వెళ్లడం మాత్రం 2019 అక్టోబరులోనే జరిగింది. ఆ మనిషి బ్రయెన్ మెక్‌మహాన్. అమెరికా సెనేటర్‌గా ఉండి, 1946లో ఆ దేశపు మొట్టమొదటి అణుశక్తి చట్టాన్ని గట్టెక్కించినవాడు. ఆ చట్టాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పేరు చెప్పగానే మా బంధువుల్లో అడిగిన ప్రతివాళ్లూ చైనా సరిహద్దు గీత తాలూకు మనిషా అన్నారు. 1914 సిమ్లా సమావేశంలో ఆ గీత గీసిన హెన్రీ మెక్‌మహాన్ బ్రిటిష్ అధికారి. ఈయన వేరు, కనెక్టికట్ రాష్ట్రంలో నార్వాక్ అనే ఊళ్లో పుట్టి, అక్కడే ప్రాక్టీసు పెట్టిన న్యాయవాది.

ఈ సంగతిలోకి నేను దిగింది కొవ్వాడ వల్ల. మా జిల్లాలో రణస్థలం మండలంలోని ఆ సముద్రతీర గ్రామం దగ్గర అణువిద్యుత్ కేంద్రం కడతామన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా ఉంది. మొదట గుజరాత్‌లోని మీఠీ విర్డి కోసం అనుకున్న ఆరు అమెరికా రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లవి, తర్వాత కొవ్వాడ వంతుకు వచ్చాయి. భూమి నష్టపరిహారం కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన, పని అయిపోయాక కూడా లేవకుండా కూర్చుని, ‘బాబూ, భూమికెంతో సెప్తన్నారు, ఇంటికెంతో సెప్తన్నారు. లోపలేటి జరుగుద్దో అడిగితే మాత్రం అది రహస్యమంటన్నారు. మా ఊళ్లో కట్టేదానికి మాకు రహస్యమేటి?’ అని అడిగాడు. ఫీజు తీసుకున్న ప్రశ్న కాదు కాబట్టి దాటవేయవచ్చు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదన్న సంగతి ఆయనకూ తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది.

అప్పుడు పుస్తకాలు తీశాను. అప్పట్లో అమల్లో ఉన్న 1962 నాటి మన అణుశక్తి చట్టంలో 18వ సెక్షన్, సమాచారం బయటపెట్టడం మీద ఆంక్షలు విధించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. దానికి ముందు 1948 నాటి చట్టం ఉంది. ఆ బిల్లు ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ ముందుకు వచ్చినప్పుడు మైసూరు ప్రతినిధి ఎస్.వి. కృష్ణమూర్తి రావు లేచి, బ్రిటన్ చట్టంలో రహస్యం రక్షణ అవసరాలకే పరిమితమైంది కదా, మన బిల్లులో అన్నిటికీ ఎందుకని నిలదీశారు. శాంతి అవసరాలకు చేసే పరిశోధననూ రక్షణ అవసరాలకు చేసే పరిశోధననూ ఎలా వేరుచేయాలో తనకు తెలియడం లేదని నెహ్రూ జవాబిచ్చారు. ఆ జవాబులోని నిజాయితీ నాకు నచ్చింది, కానీ దాని భారం డెబ్బై ఏళ్ల తర్వాత నా ముందు కూర్చున్న పెద్దాయన మీద పడిందని కూడా అనిపించింది. మన చట్టం పోలికలు బ్రిటన్ చట్టంవి. బ్రిటన్ చట్టం వచ్చింది 1946 నవంబరులో. దానికి మూడు నెలల ముందు, ఆగస్టు 1న, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసినది మెక్‌మహాన్ చట్టం. అణుశక్తికి ఒక దేశం చట్టం రాసుకోవడం ఎలాగో తర్వాతివాళ్లందరూ ముందుగా చూసిన నమూనాల్లో అదొకటి. సమాచారం సంగతి దాని పదో సెక్షన్‌లో ఉంటుంది. నా దగ్గర ఉన్న ప్రతిలో ఆ పేజీలు చేతి చెమటకు మెత్తబడిపోయాయి.

మా అమ్మాయి కాపురం ఉండేది కనెక్టికట్‌లోని స్టాంఫర్డ్‌లో. మనుమరాలి పనికని ఆరు నెలలకు వెళ్లినవాళ్లం, నేనూ మా ఆవిడా. అమెరికా కాంగ్రెస్ సభ్యుల అధికారిక జీవిత వివరాల్లో చివరి వాక్యం సాధారణంగా ఖననస్థలం గురించి ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక మెక్‌మహాన్ వివరాలు తీస్తే చివర ‘సెయింట్ మేరీస్ సెమెటరీ, నార్వాక్’ అని కనబడింది. నార్వాక్ అంటే స్టాంఫర్డ్ నుంచి రైల్లో పావుగంట దూరం. శ్రీకాకుళం నుంచి ఆముదాలవలస స్టేషన్‌కు ఆటోలో వెళ్లడానికి పట్టేంత సమయంలో అక్కడ ఉండవచ్చు.

ఇంట్లో ఒప్పించడమే అసలు ప్రయాణం. ‘నవరాత్రులు పెట్టుకుని శ్మశానానికి వెళ్తానంటారేమిటండీ? పోనీ మనవాడా, మన కులగోత్రమా? ఎవరో తెల్లాయన!’ అంది మా ఆవిడ. ఆమె మాటలో అన్యాయం లేదు. మన ఇళ్లల్లో శ్మశానానికి వెళ్లడమంటే ఒక బాధ్యత తీర్చుకోవడం. తల వంచుకుని వెళ్లి, తిరిగి చూడకుండా వచ్చి, గుమ్మం బయటే స్నానం చేసి లోపలికి రావడం. చూడాలనిపించి వెళ్లే చోటు కాదు అది. సమాధుల తోటకు వెళ్లి పువ్వులు పెట్టి కాసేపు కూర్చుని రావడం మన ఊళ్లల్లో క్రైస్తవ కుటుంబాలకు అలవాటు, మాకు కాదు. చివరికి, వచ్చాక తలస్నానం చేస్తేనే పూజగదిలోకి రానిస్తానన్న షరతు మీద రాజీ కుదిరింది.

మొదటి ప్రయత్నం గురువారం, అక్టోబరు 3న. దాన్ని పాడుచేసుకున్నది పూర్తిగా నేనే. అమ్మాయి ఆఫీసుకు వెళ్లిపోయింది, అల్లుడుగారు ఇంటినుంచే పనిచేస్తూ ఫోన్లో ఉన్నారు, నేను ఒంటరిగా రైలెక్కి నొరోటన్ హైట్స్, డేరియన్, రోవేటన్ స్టేషన్లు దాటి సౌత్ నార్వాక్‌లో దిగాను. టాక్సీ ఎక్కి మెక్‌మహాన్ పేరు చెప్పాను. డ్రైవరు వెనక్కి తిరిగి, స్కూలుకా అని అడిగాడు. ఆ ఊళ్లో మెక్‌మహాన్ అంటే మనిషి కాదు, 1960లో కట్టిన ప్రభుత్వ హైస్కూలు. ఆ బడి ఆటల జట్లకు ‘సెనేటర్స్’ అని పేరు. ఎవరి సెనేటర్, ఎప్పటి సెనేటర్ అన్నది ఆటల్లో ఎవరికీ అవసరం లేదు. మనకూ గురజాడ పేరు మీద వీధి ఉంటే అది వీధి పేరే అవుతుంది, ఆశ్చర్యపడటానికేమీ లేదు. స్కూలు కాదు, సెయింట్ మేరీ అన్నాను. సమాధుల తోట అన్న మాట ఆంగ్లంలో నా నోటికి వెంటనే తట్టలేదు, వేలితో కిందికి చూపించాను. అతను తల ఊపి, వెస్ట్ ఎవెన్యూలో సెయింట్ మేరీ చర్చి ముందు దించి వెళ్లిపోయాడు.

మంచి చర్చి. పాతది, రాతి కట్టడం, లోపల ఎవరో ఒక పెద్దావిడ ఒంటరిగా ప్రార్థన చేసుకుంటూ ఉంది. కానీ నాకు కావలసినది అది కాదు. బయటికి వస్తున్న ఒకాయనను అడిగితే, చర్చీ తోటా వేర్వేరు చోట్ల ఉంటాయనీ, ఒకవేళ తోటకు వెళ్లినా స్థలం నంబరు తెలియకుండా వేల రాళ్ల మధ్య ఒక రాయిని వెతకడం నావల్ల కాదనీ, ముందు వాళ్ల కార్యాలయానికి ఫోన్ చెయ్యమనీ ఓపికగా చెప్పాడు. కక్షిదారులు కేసు నంబరు తెలుసుకోకుండా కోర్టుకొచ్చి వరండాల్లో తిరుగుతూ ఉంటే ఇన్నేళ్లుగా నేను విసుక్కున్నది గుర్తొచ్చింది.

మర్నాడు ఫోన్ చేశాను. అటువైపు మాట్లాడిన స్త్రీ మొదట ఇంటిపేరు అడిగారు, అక్షరం అక్షరం చెప్పించుకున్నారు, తర్వాత ఖననం జరిగిన సంవత్సరం అడిగారు. 1952 అన్నాను. పాత రికార్డు కాబట్టి కాసేపు ఆగమన్నారు. మళ్లీ వచ్చి, మీరు బంధువులా అని అడిగారు. కాదు, ఆయన చేసిన చట్టం చదివినవాణ్ని అన్నాను. అటువైపు ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత చిన్న నవ్వు. సెక్షన్ ఇది, లాట్ ఇది అని రాసుకోమన్నారు. సమాధుల తోటను కూడా సెక్షన్లుగానే విభజిస్తారని నాకు అప్పుడే తెలిసింది. సెక్షన్, దాని కింద లాట్, దాని కింద ఒక్కొక్క సమాధి. పువ్వులు పెట్టవచ్చు, గాజు సీసాలు వద్దు, చీకటి పడేలోగా బయటికి వచ్చెయ్యాలి, రాతి మీద కాగితం పెట్టి అచ్చు తియ్యకూడదు. అంతే నియమాలు. ఒక చీటీ మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం మా అమ్మాయి కారు తీసింది. దారిలో ఒక దుకాణం ముందు, ఆ రుతువులో అక్కడ ఏ దుకాణం ముందు చూసినా గుమ్మడికాయల పక్కన కనిపించే చామంతి కుండీల్లో ఒక పసుపు పచ్చనిది కొన్నాం. కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక తేదీ తట్టింది. అక్టోబరు 6. మెక్‌మహాన్ పుట్టింది 1903 అక్టోబరు 6న. అనుకుని చేసింది కాదు. గురువారం తప్పిపోకపోతే ఆ రోజు పడేదే కాదు. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం తక్కువ, అయినా అమ్మాయితో చెప్పకుండా ఉండలేకపోయాను. ‘అమ్మతో చెప్పు నాన్నా, కొంచెం కోపం తగ్గుతుంది’ అంది.

తోట విశాలంగా, ఎత్తుపల్లాలుగా ఉంది. మేపుల్ చెట్లు అప్పుడప్పుడే కొమ్మల చివర ఎర్రబడుతున్నాయి. పాత రాళ్ల మీద ఎక్కువగా ఐరిష్ ఇంటిపేర్లు, తర్వాత ఇటాలియన్ పేర్లు, సైన్యంలో పనిచేసినవాళ్ల సమాధుల దగ్గర చిన్న జెండాలు. చీటీలో నంబరు ఉన్నా నేలమీద నంబర్లు అంత తేలిగ్గా కనబడవు. నేను ఒక వరుస, అమ్మాయి ఒక వరుస పంచుకుని నడిచాం. నలభై నిమిషాలు పట్టి ఉంటుంది. ‘నాన్నా, ఇటు’ అన్న పిలుపు వినిపించింది.

చెప్పులు విప్పాలా వద్దా అన్నది నాకు తేలలేదు. ఇక్కడెవరూ విప్పరు అంది అమ్మాయి. అయినా చేతిలో పువ్వులతో చెప్పులతో నిలబడటం నావల్ల కాలేదు. బూట్లు విప్పి పక్కన పెట్టాను, తడి గడ్డికి మేజోళ్లు తడిసిపోయాయి. కుండీ దించాను. జేబులోంచి ఇంకొకటి కూడా తీశాను. మెక్‌మహాన్ పదో వర్ధంతి రోజున, 1962 జులై 28న, నార్వాక్‌లో విడుదల చేసిన నాలుగు సెంట్ల తపాలా బిళ్ల; ఆయన ముఖం, పక్కన పరమాణువు గుర్తు. పాత బిళ్లల వ్యాపారి దగ్గర డాలరు కూడా పెట్టకుండా కొన్నది. రాతి మీది పేరును, బిళ్ల మీది పేరును సరిపోల్చుకున్నాను. సాక్షి సంతకాన్ని సరిపోల్చే అలవాటు పోదు కదా.

నిజం చెప్పాలంటే నేను అక్కడికి దండం పెట్టడానికి వెళ్లలేదు. ఒక తగువు మనసులో పెట్టుకుని వెళ్లాను.

ఆయన కథలో గొప్పదనం ఉన్న భాగం ముందు చెప్పాలి. 1945 అక్టోబరులో, హిరోషిమా, నాగసాకి మీద బాంబులు పడి రెండు నెలలైనా కాకముందే, యుద్ధశాఖ మద్దతుతో మే–జాన్సన్ బిల్లు వచ్చింది. అణుశక్తి వ్యవహారమంతటిలో సైన్యానికి పెద్ద పీట వేసే బిల్లు అది. షికాగో, ఓక్ రిడ్జ్, లాస్ అలమోస్‌లలో బాంబు తయారుచేసిన శాస్త్రవేత్తలే దానికి ఎదురుతిరిగారు; రాజకీయం ఎరగని మనుషులు వాషింగ్టన్ వచ్చి సెనేటర్ల గదుల తలుపులు తట్టారు. అప్పటికి సెనేట్‌లోకి వచ్చి ఏడాది కూడా నిండని మెక్‌మహాన్, అణుశక్తి మీద ఒక ప్రత్యేక సంఘం వెయ్యాలని పట్టుబట్టి, దానికి తానే అధ్యక్షుడై, భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్‌ను సలహాదారుగా పెట్టుకుని, డిసెంబరు 20న తన బిల్లు ప్రవేశపెట్టాడు. దాని సారం ఒక్కటే, అణువు సైన్యం చేతిలో ఉండకూడదు. అధ్యక్షుడు నియమించి సెనేట్ ఆమోదించే అయిదుగురు పౌరుల సంఘం చేతిలో ఉండాలి. అణ్వస్త్ర పదార్థం మీద యాజమాన్యం ప్రభుత్వానిదే, వ్యక్తులది కాదు. యుద్ధం గెలిచిన సైన్యం నుంచి, గెలిపించిన ఆయుధాన్ని ఏడాది తిరగకుండా చట్టం ద్వారా తీసుకున్న మాటకు నాకు ఇప్పటికీ గౌరవమే. 1947 జనవరి 1న ఆ అయిదుగురి సంఘం బాధ్యత తీసుకుంది.

ఇక తగువు సంగతి. మొదటి ముసాయిదాలో సమాచారం గురించిన భాగానికి పెట్టిన శీర్షిక ‘సమాచార వ్యాప్తి’. శాస్త్రజ్ఞానం పంచుకోవడం మామూలు, దాచడం మినహాయింపు అన్న ఉద్దేశంతో రాసింది అది. 1946 ఫిబ్రవరిలో కెనడాలో సోవియట్ గూఢచారుల వ్యవహారం బయటపడింది. వాతావరణం మారిపోయింది. మెక్‌మహాన్ అధ్యక్షుడుగా ఉన్న సెనేట్ సంఘం లోపలే సభ్యులు ఆ భాగాన్ని తిరగరాశారు. చట్టమయ్యేసరికి పదో సెక్షన్ శీర్షిక ‘సమాచార నియంత్రణ’ అయి కూర్చుంది. శీర్షికలో ఒక్క మాట మారింది, లోపల లోకమే తలకిందులైంది. అణ్వాయుధాలు, అణు పదార్థాల ఉత్పత్తి, వాటితో విద్యుత్ తయారీకి సంబంధించిన సమాచారమంతా, ఎవరూ ముద్ర వెయ్యకుండానే, పుట్టుకతోనే రహస్యం. బయటపెట్టడానికే అనుమతి కావాలి, దాచడానికి అక్కర్లేదు. సైన్యం చేతిలోంచి తీసి పౌరుల చేతిలో పెట్టిన పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి పౌరులకు కనబడకుండా దాచినట్టయింది. కొవ్వాడ పెద్దాయన అడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడే ఉందని నేను అనను. మన సభలో మనవాళ్లు తెలిసి తీసుకున్న నిర్ణయానికి ఇంకొక దేశపు సెనేటర్‌ను బాధ్యుణ్ని చెయ్యలేం. కానీ అణుశక్తి చట్టమంటే రహస్యం దానిలో భాగంగానే పుడుతుందన్న అలవాటు మొదలైన చోట్లలో ఇదొకటి.

ఆ సెక్షన్ చేసిన పనుల్లో ఒకటి ఆయనను స్వయంగా కుదిపేసింది. ఇతర దేశాలతో పరిశ్రమలకు ఉపయోగపడే అణు సమాచారం సైతం పంచుకోకూడదని అది నిషేధించింది, అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేకంగా తీర్మానించేదాకా. దానితో యుద్ధకాలంలో బాంబు తయారీలో భాగస్వామి అయిన బ్రిటన్‌కు తలుపులు మూసుకుపోయాయి. 1943లో రూజ్‌వెల్ట్, చర్చిల్ క్విబెక్‌లో ఆ భాగస్వామ్యం మీద రహస్యంగా చేసుకున్న ఒప్పందం సంగతి మెక్‌మహాన్‌కు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఈ చట్టం ఇలా ఉండేదే కాదని తర్వాతి ఏళ్లలో చర్చిల్‌తో అన్నాడని చరిత్రలో నమోదైంది. రహస్యాన్ని చట్టంగా చేసినవాడికి తన ప్రభుత్వమే ఒక రహస్యం దాచింది. కోర్టులో ఎదుటి పక్షం ఇలాంటి వాంగ్మూలం ఇస్తే నేను కూర్చున్నచోటే చేతులు నలుపుకునేవాణ్ని. సమాధి ముందు ఆ సంతోషం ఏదీ రాలేదు.

లాయరుగా నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం అదే సెక్షన్‌లోని ఇంకొక వాక్యం. అమెరికాకు హాని చెయ్యాలన్న ఉద్దేశంతో అణు రహస్యాలు బయటపెట్టినవాళ్లకు మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని విధించవచ్చు. కానీ జ్యూరీ సిఫారసు చేస్తేనే. సోవియట్‌కు అణు రహస్యాలు అందించడానికి కుట్ర చేశారన్న ఆరోపణ మీద జూలియస్, ఎథెల్ రోజెన్‌బర్గ్ దంపతులను విచారించింది ఈ చట్టం కింద కాదు, 1917 నాటి గూఢచర్య చట్టం కింద. దాని కింద మరణశిక్షకు జడ్జి ఒక్కడే చాలు. అన్ని అప్పీళ్లూ అయిపోయాక, బయటి లాయర్లు ఇద్దరు మెక్‌మహాన్ చట్టం పట్టుకుని వచ్చారు. ఆరోపించిన కుట్ర 1944 నుంచి 1950 దాకా సాగిందంటున్నారు, మధ్యలో 1946లో కొత్త చట్టం వచ్చింది, దాని ప్రకారం జ్యూరీ సిఫారసు లేకుండా ఉరి వీల్లేదు, ఇక్కడ జ్యూరీ సిఫారసు చెయ్యలేదు అన్నది వాదన. ఎంత చక్కటి వాదన! 1953 జూన్ 17న సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ డగ్లస్ ఆ ఒక్క ప్రశ్న మీద స్టే ఇచ్చాడు. రెండు రోజులకు సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని స్టే కొట్టేసింది. ఆ సాయంత్రమే, జూన్ 19న, సింగ్ సింగ్ జైలులో ఇద్దరికీ విద్యుత్ కుర్చీలో శిక్ష అమలు చేశారు. అప్పటికి మెక్‌మహాన్ చనిపోయి ఏడాది కావస్తోంది. తన చట్టంలో ఒక వాక్యం ఇద్దరి ప్రాణాల్ని ఒక రోజు నిలబెట్టిందన్నది ఆయనకు తెలియదు. సింగ్ సింగ్ ఉన్న ఆసినింగ్, మా అమ్మాయి ఇంటికి కారులో గంటలోపే. అక్కడికి వెళ్లాలన్న మాట మాత్రం ఇంట్లో ఎత్తలేదు, ఒక పండక్కి ఒక శ్మశానం చాలు.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. ఆమె కంప్యూటర్ల చదువు చదువుకుంది, కోర్టు కథలు చిన్నప్పట్నుంచీ విసుగే. అయినా ఆ రోజు వింది. ‘ఇంతకీ మంచివాడా, చెడ్డవాడా నాన్నా?’ అంది. తేల్చి చెప్పలేకపోయాను. సైన్యం నుంచి అణువును విడిపించినవాడే 1949 చివర్లో హైడ్రోజన్ బాంబు తయారుచెయ్యమని ట్రూమన్ మీద గట్టిగా ఒత్తిడి తెచ్చాడు. ట్రూమన్ సరేనని ప్రకటించిన రెండు రోజులకే, 1950 ఫిబ్రవరి 2న, సెనేట్‌లో లేచి, అణ్వాయుధాల నియంత్రణకు ప్రపంచం ఒప్పుకుంటే అయిదేళ్లలో 5,000 కోట్ల డాలర్లు అన్ని దేశాల అభివృద్ధికీ ఖర్చు పెడదామన్నాడు. బాంబూ కావాలి, శాంతీ కావాలి. రెండూ నిజంగానే కోరుకున్నాడని నేను నమ్ముతాను. అలాంటివాళ్లను కోర్టులో చాలామందిని చూశాను, ఒకే రోజు ఒకే మనిషి మీద కేసూ వేస్తారు, రాజీకీ మనిషిని పంపుతారు. 1952 జులై 28న క్యాన్సర్‌తో వెళ్లిపోయేసరికి ఆయనకు 48 ఏళ్లు. మూడు నెలల తర్వాత, నవంబరు 1న, పసిఫిక్‌లో మొదటి హైడ్రోజన్ పరికరం పేలింది. అదే నెల 4న జరిగిన ఎన్నికలో ఆయన ఖాళీ చేసిన స్థానం ప్రెస్కాట్ బుష్‌కు దక్కింది. ఈ బుష్ కొడుకూ మనవడూ తర్వాత అధ్యక్షులయ్యారు.

ఆ మనవడి సంతకంతోనే మన కొవ్వాడ కథ ముడిపడింది. మెక్‌మహాన్ చట్టం మూసిన తలుపును 1954లో కొత్త చట్టం కొంత తెరిచింది. ప్రైవేటు కంపెనీలు రియాక్టర్లు కట్టవచ్చు, ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకోవచ్చు అంది. ఆ ఒప్పందాల సెక్షన్ 123. 2008లో మన దేశం అమెరికాతో చేసుకున్న అణు ఒప్పందానికి 123 ఒప్పందమన్న పేరు వచ్చింది అందుకే. పత్రికల్లో నెలల తరబడి ఆ అంకె చూసిన మనలో చాలామంది అదేదో లెక్క అనుకున్నారు గానీ, ఒక చట్టంలో సెక్షన్ నంబరు అనుకోలేదు. పదో సెక్షన్ అలాగే ఉండి ఉంటే అమెరికా రియాక్టర్ కొవ్వాడ పటం మీదికి వచ్చేదే కాదు.

గంటకు పైగా ఉన్నాం. వెళ్లేముందు, తగువు పెట్టుకోవడానికి వచ్చినవాణ్ని కాబట్టి, చెప్పవలసింది చెప్పేశాను, తెలుగులోనే చెప్పాను. మా పెద్దాయన అడిగిన ప్రశ్నను అడిగినట్టే, ఆయన యాసలోనే. అమ్మాయి కాస్త దూరం జరిగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడింది. బూట్లు వేసుకుంటుంటే తడి మేజోళ్ల మీద గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి.

ఇంటి దగ్గర గరాజ్ ముందు, మొక్కలకు నీళ్లు పట్టే గొట్టంతో కాళ్లు కడుక్కుని, వెనక తలుపు గుండా స్నానాల గదిలోకి వెళ్లాను. బయటికి వచ్చేసరికి మా ఆవిడ పులిహోర కలుపుతోంది. ‘దొరికాడా మీ తెల్లాయన?’ అంది. దొరికాడన్నాను. ఈ రోజు పుట్టినరోజని కూడా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు గానీ, రాత్రి దేవుడి దగ్గర పెట్టిన ప్రసాదం నాకిస్తూ, ‘ఆయనకెంత వయసుట?’ అని అడిగింది. నలభై ఎనిమిది అన్నాను. అయ్యో అంది.

నంబర్లు రాసుకున్న చీటీని చట్టం ప్రతిలో పదో సెక్షన్ పేజీలో పెట్టాను, తపాలా బిళ్ల కూడా అక్కడే ఉంది. జనవరిలో శ్రీకాకుళం వచ్చాక ఆ పెద్దాయన ఒకసారి కోర్టు దగ్గర కలిశాడు. వెళ్లానని చెప్పాను. ‘ఏటన్నాడు బాబూ?’ అన్నాడు.